ఒడ్డు మీద నుంచి గాలం: లైసెన్సు ఎవరికి కావాలి, చేప ఎక్కడుంటుంది

వారం రోజుల సెలవుకు సముద్రం పక్కకు వెళ్తున్నామని, పడవ ఎక్కే ఉద్దేశం లేదని, ఒడ్డు మీద నిలబడి గాలం వేస్తే చాలని రాశారు. లైసెన్సు కావాలా, ఏ రాడ్ కొనాలి, ఎంత దూరం విసరాలి అని మూడు ప్రశ్నలు అడిగారు. ఏ దేశమో మాత్రం రాయలేదు. కాబట్టి మొదటిదానికి అవునో కాదో ఒక్క ముక్కలో తేల్చలేను. మూడోదానికి మాత్రం ఇప్పుడే చెప్పేస్తాను: మీరు అనుకుంటున్నంత దూరం అక్కర్లేదు. ఎందుకో కింద వస్తుంది.

ముందు లైసెన్సు. "ఫలానా చోట లైసెన్సు కావాలా" అన్న ప్రశ్నలోనే చిన్న పొరపాటుంది. చట్టం చోటొక్కటే చూడదు. మీ వయసెంత, మీరు అక్కడ నివాసులా చుట్టపుచూపుగా వచ్చారా, కాళ్లు దేని మీద పెట్టి నిలబడ్డారు, ఏ చేప కోసం, దేనితో పడుతున్నారు, ఇవన్నీ చూస్తుంది. ఒకే తీరంలో వంద అడుగుల ఎడంలో నిలబడ్డ ఇద్దరిలో ఒకరికి లైసెన్సు అక్కర్లేకపోవచ్చు, రెండోవారికి తప్పనిసరి కావచ్చు.

కాలిఫోర్నియా దీనికి మంచి ఉదాహరణ. అక్కడ 16 ఏళ్లు నిండినవారందరికీ లైసెన్సు కావాలి. కానీ సముద్రంలోకి కట్టిన పబ్లిక్ పియర్ మీద నిలబడి పడితే అక్కర్లేదు. అదే పియర్ దిగి పక్కనున్న ఇసుకలోకి వచ్చి గాలం వేస్తే కావాలి. కొత్తలో ఇలాంటి చోటే నేను దొరికిపోయాను. పియర్ మీద గంటసేపు ఏమీ పడలేదు. కింద ఇసుకలో ఒకాయనకు వరసగా పడుతుంటే చూసి ఉండబట్టలేక దిగాను. పావుగంటలో తనిఖీ అధికారి వచ్చి లైసెన్సు చూపించమన్నారు. "ఇప్పటిదాకా పైనే ఉన్నానండీ" అన్నాను. "ఇప్పుడు కింద ఉన్నారు కదా" అన్నారాయన. జరిమానా కట్టి వచ్చాను, తప్పు నాదే. ఇంకో సంగతి, పియర్ మీద మినహాయింపు లైసెన్సుకు మాత్రమే. చేప కొలత, రోజుకు ఎన్ని అన్న లెక్క, మనిషికి రెండు రాడ్‌లకు మించకూడదన్న నియమం అక్కడా వర్తిస్తాయి.

ఫ్లోరిడాలో లెక్క వేరు. ఒడ్డు నుంచి పట్టుకునే లైసెన్సు ఆ రాష్ట్ర నివాసులకు ఉచితం, అయినా తీసుకోవాల్సిందే. బయటినుంచి వచ్చినవారు డబ్బు కట్టాలి. 3 రోజులకు, 7 రోజులకు, ఏడాదికి విడివిడిగా అమ్ముతారు. పియర్ యాజమాన్యమే లైసెన్సు తీసుకుని ఉంటే దాని మీద నిలబడేవారికి అదే సరిపోతుంది. ఒడ్డు నుంచి సొరచేప పట్టాలనుకుంటే మాత్రం 2019 నుంచి వేరే పర్మిట్ ఉంది. దానికి ముందు ఆన్‌లైన్‌లో ఒక పాఠం పూర్తిచేయాలి.

ఆస్ట్రేలియాలో రాష్ట్రం సరిహద్దు దాటితే రూలు మారిపోతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ఉప్పునీళ్లైనా మంచినీళ్లైనా రుసుము కట్టాలి, 18 లోపు పిల్లలకు మినహాయింపు. పక్కనే ఉన్న క్వీన్స్‌లాండ్‌లో సముద్రపు ఒడ్డున గాలం వేయడానికి ఏ లైసెన్సూ అక్కర్లేదు. వెస్టర్న్ ఆస్ట్రేలియాలో ఒడ్డు నుంచి అయితే అక్కర్లేదు, ఇంజను పడవ ఎక్కితే కావాలి. న్యూజిలాండ్‌లో సముద్రానికి లైసెన్సు లేదు, కానీ ట్రౌట్ కోసం ఏటి దగ్గరకు వెళ్తే ఉంది. ఇంగ్లండ్, వేల్స్‌లలో 13 ఏళ్లు దాటినవారికి రాడ్ లైసెన్సు కావాల్సింది ట్రౌట్, సాల్మన్, ఈల్, మంచినీటి చేపల వంటివాటికే. మామూలు సముద్రపు చేపలకు కాదు. పోర్చుగల్‌లో సముద్రపు ఒడ్డుకూ కావాలి. అక్కడ ఒడ్డు నుంచి పట్టేవారికి, పడవలో పట్టేవారికి, నీళ్లలో మునిగి పట్టేవారికి వేర్వేరు లైసెన్సులు. ఏటీఎంలోనే కొనుక్కోవచ్చు. నార్వేలో విదేశీయులైనా సముద్రంలో చేతి గాలంతో ఉచితంగా పట్టుకోవచ్చు. కానీ పట్టింది అమ్మకూడదు, దేశం దాటించడానికి కఠినమైన పరిమితి ఉంది.

జపాన్‌లో సముద్రపు ఒడ్డున గాలానికి సాధారణంగా లైసెన్సు అడగరు. అది చూసి అన్నీ ఉచితమే అనుకుంటే కొంప మునుగుతుంది. రాళ్ల సందుల్లో కనబడ్డ అబలోన్ అనే నత్తను, సముద్ర దోసకాయ అనే జీవిని తీశారంటే 2020 డిసెంబరు నుంచి 3 ఏళ్ల దాకా జైలు, లేదా 3 కోట్ల యెన్‌ల దాకా జరిమానా. గాలం వేయడం ఒకటి, చేత్తో ఏరుకోవడం ఇంకొకటి. చాలా దేశాల్లో ఈ రెండింటికీ రూల్స్ వేర్వేరుగా ఉంటాయి. పిల్లలు గవ్వలు, పీతలు ఏరుతుంటే తల్లిదండ్రులు సరదాగా చూస్తారు గానీ చిక్కు చాలాసార్లు అక్కడే మొదలవుతుంది. మన దేశంలో కూడా సముద్ర దోసకాయలు, సముద్ర గుర్రాలు, కొన్ని రకాల పెద్ద శంఖాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందకు వస్తాయి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే 61 రోజుల వేట నిషేధం మరపడవలకు పెట్టింది, ఒడ్డున నిలబడి గాలం వేసేవారిని ఉద్దేశించింది కాదు. అభయారణ్యాల పరిధిలోకి వచ్చే తీరాల సంగతి మాత్రం పూర్తిగా వేరు.

వీటిలో రుసుములు, పరిమితులు ఏటా మారుతుంటాయి. కాబట్టి నా మాట మీద బయల్దేరకండి. వెళ్లే ముందు రోజు ఆ ప్రాంతపు మత్స్యశాఖ అధికారిక సైట్‌లో ఉప్పునీటి వినోద వేట పేజీ తెరిచి చదవండి. వెతికితే పైన కనబడే మొదటి లింకు ప్రభుత్వానిదే అని నమ్మకండి. అచ్చం అలాగే కనబడుతూ మధ్యలో అదనంగా గుంజుకునే సైట్లు ఉంటాయి. కొన్నాక లైసెన్సు ఫోన్‌లో దించిపెట్టుకోండి, బీచ్‌లో సిగ్నల్ ఉంటుందన్న నమ్మకం లేదు. గుర్తింపు కార్డు కూడా దగ్గరుంచుకోండి. నది సముద్రంలో కలిసే చోట నిలబడితే మంచినీటి హద్దు ఎక్కడ మొదలవుతుందో మ్యాపులో చూసుకోండి. అక్కడ పొరబడేవాళ్లు చాలామంది.

లైసెన్సు చేతికొచ్చాక అసలు రూల్స్ మొదలవుతాయి. రోజుకు ఎన్ని, కనీసం ఎంత పొడవు అన్నది ప్రతి రకానికీ వేరు. కొన్నిటికి చిన్నదాన్నే కాదు, మరీ పెద్దదాన్ని కూడా వదిలేయాలి, పెద్ద ఆడచేపలు గుడ్లు ఎక్కువ పెడతాయి కాబట్టి. ఫ్లోరిడాలో రెడ్‌ఫిష్ 18 నుంచి 27 అంగుళాల మధ్య ఉంటేనే ఉంచుకోవాలి. ఎలా కొలవాలన్నది కూడా రాసి ఉంటుంది: కొన్నిచోట్ల తోక చివరిదాకా, కొన్నిచోట్ల తోక చీలే చోటిదాకా. ఈ తేడాలోనే అంగుళం పోతుంది. చేప పేరు తెలియకపోతే ఉంచుకోవద్దు, ఫొటో తీసి వదిలేయండి. ఇంటికి చేరేదాకా తల, తోక తీయకండి, ముక్కలు చేస్తే అది ఏ చేపో, ఎంత పొడవో అధికారికి చూపించలేరు.

ఇక చేప సంగతి.

కొత్తవాళ్లు బీచ్‌కి వచ్చిన వెంటనే చేసే పని నీళ్లలోకి నడుము లోతు దిగి, ఉన్న బలమంతా పెట్టి విసరడం. చేప ఎక్కడో దూరంగా, లోతులో ఉంటుందని మన ఊహ. నిజానికి అలలు ఒడ్డున ఇసుకను తిరగేస్తున్నప్పుడు పురుగులు, చిన్న పీతలు, రొయ్యలు బయటపడేది మోకాలి లోతులోనే. వాటికోసం చేపలు అక్కడికే వస్తాయి. మీరు నడుచుకుంటూ వెళ్లి నిలబడ్డ చోటు నుంచే వాటిని తరిమేసి, అవతల ఖాళీ నీళ్లలో ఎర పెడుతున్నారన్నమాట. నేనైతే మొదటి పది నిమిషాలు తడి ఇసుక మీదే నిలబడి, ఇరవై ముప్పై అడుగుల లోపలే ఎర వేస్తాను. ఏమీ తగలకపోతే అప్పుడు కొంచెం కొంచెంగా దూరం పెంచుతాను.

ఎక్కడ వేయాలో చెప్పేది రాడ్ కాదు, నీళ్ల రంగు. అలలు తెల్లగా విరుగుతున్న చోట కింద ఇసుక మేట ఉంది, లోతు తక్కువ. ఆ తెలుపుకీ ఒడ్డుకీ మధ్య ముదురు రంగులో, పెద్దగా నురగ లేకుండా కనబడే పట్టీ ఒక గాడి. చేపల దారి అదే. మేట మధ్యలో తెగి, నీళ్లు వెనక్కి సముద్రంలోకి పోయే సందు కనబడితే దాని అంచుల దగ్గర ఇంకా మంచిది, మేత అంతా అటే కొట్టుకుపోతుంది. కానీ ఆ సందే ఈతగాళ్లను లాక్కుపోయే రిప్ కరెంట్ కూడా. గాలం అందులోకి వెళ్లాలి, మీరు కాదు.

ఇవన్నీ కనిపెట్టడానికి సులువైన దారి ఒకటుంది, దాన్ని పాటించేవాళ్లు తక్కువ. వెళ్లిన మొదటి రోజు రాడ్ గదిలోనే వదిలేసి, పూర్తి ఆటు సమయంలో ఒడ్డంతా నడవండి. పోటు సమయంలో నీళ్ల కింద దాగుండే గుంటలు, గాళ్లు, రాళ్లు, ఆలుచిప్పలు అతుక్కున్న చోట్లు అప్పుడు బయటపడి ఉంటాయి. ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి, వెనకున్న చెట్టో స్తంభమో గుర్తుగా వచ్చేలా. మర్నాడు నీళ్లు ఎక్కాక ఆ గుర్తుల ఎదురుగా నిలబడండి. పక్కన ఏళ్ల తరబడి వస్తున్నవాళ్లతో సమానంగా మీకూ పడతాయి.

ఆటుపోట్ల లెక్క కొంచెం తెలిసి ఉండాలి. చాలా తీరాల్లో ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది, నిన్న ఆరింటికి పడ్డాయని ఇవాళా ఆరింటికే వెళ్లి లాభం లేదు. అమావాస్యకూ పౌర్ణమికీ నీళ్లు బాగా ఎక్కి బాగా తగ్గుతాయి, అష్టమి రోజుల్లో కదలిక తక్కువ. ఆటు నుంచి పోటుకు నీళ్లు ఒకే వేగంతో ఎక్కవు. ఆరు గంటల్లో మొదటి గంట పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, తర్వాత మళ్లీ రెండు, ఒకటి. అంటే మధ్య రెండు గంటల్లోనే సగం నీళ్లు వచ్చేస్తాయి. చేపలు కదిలేది అప్పుడే. ఆ సమయం తెల్లవారుజాముతోనో మునిమాపుతోనో కలిసొచ్చే రోజు మీ వారంలో ఒకటైనా ఉంటుంది, ఆ రోజు వేరే పనులేవీ పెట్టుకోకండి. నదీముఖం దగ్గరైతే నీళ్లు దిగే వేళ బాగుంటుంది, లోపలి చిన్న చేపలు, రొయ్యలు ప్రవాహంతో బయటికి వస్తాయి, పెద్దవి అక్కడ కాచుకుని ఉంటాయి.

సామాను గురించి తక్కువ చెప్తాను, ఎందుకంటే దుకాణంలో ఎక్కువ చెప్తారు. వారం కోసం 12 అడుగుల భారీ రాడ్ కొనకండి. 8 నుంచి 10 అడుగుల మధ్యస్థ రాడ్, 4000 సైజు స్పిన్నింగ్ రీలు, దాని మీద 12 నుంచి 15 పౌండ్ల బరువు ఆపే మోనో లైను, అంటే ఒకే పోగు నైలాన్ దారం చాలు. సన్నపోగులతో అల్లిన బ్రెయిడ్ లైను సన్నగా ఉండి దూరం పోతుంది గానీ కొత్తవారికి చిక్కులు ఎక్కువ, పైగా వేలు కోస్తుంది. ఎరను కిందకు దించే బరువైన గుండు గట్టిగా విసరాలంటే లైను చివర్లో లీడర్, అంటే ఇంకో లావుపాటి దారం ముక్క కట్టాలి. గుండు బరువులో ప్రతి ఔన్సుకూ 10 పౌండ్ల లీడర్ అని లెక్క, 3 ఔన్సుల గుండుకు 30 పౌండ్లు. ఇది కట్టకుండా విసిరితే లైను తెగి గుండు తుపాకీ గుండులా ఎగిరిపోతుంది. ఎవరికి తగులుతుందో తెలియదు. విసిరే ముందు ప్రతిసారీ వెనక్కి తిరిగి చూడాలి, పైన కరెంటు తీగలున్నాయేమో కూడా. కార్బన్ రాడ్‌లోంచి కరెంటు బాగా ప్రవహిస్తుంది. ఉరుము వినబడితే రాడ్ కింద పెట్టి వెళ్లిపోండి.

ఇసుకలో పిరమిడ్ ఆకారపు గుండు దిగబడి నిలుస్తుంది. రాళ్లలో అదే ఇరుక్కుపోతుంది. రాళ్ల దగ్గర గుండ్రటిది వాడి, దాన్ని అసలు లైను కంటే పలచని దారంతో కట్టండి. ఇరుక్కుంటే గుండొక్కటే పోతుంది, కొక్కెం, చేప తిరిగొస్తాయి. లేదంటే గుండు మాని బెండు కట్టి ఎరను రాళ్లకు పైన వేలాడదీయండి, పిల్లలకు అదే సరదా, బెండు మునగడం కళ్లారా చూస్తారు. కొక్కేలు మాత్రం అందరూ పెద్దవి కొంటారు. చిన్న కొక్కేనికి పెద్ద చేప పడుతుంది గానీ పెద్ద కొక్కేనికి చిన్న చేప పడదు. సైజు 4 నుంచి 1 దాకా ఉన్న నాలుగైదు తీసుకోండి, ఇక్కడ అంకె పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది.

ఎర విషయంలో నా పద్ధతి ఒక్కటే: ఆ ఒడ్డున చేప రోజూ ఏం తింటుందో అదే పెట్టడం. కాలికింద తడి ఇసుకలో చిన్న పీతలు కనబడితే అవే మేలు, రాళ్ల దగ్గరైతే ఆలుచిప్పల మాంసం. తీసుకోవడానికి అక్కడ అనుమతి ఉందో లేదో ముందు చూసుకోవాలి. కొనాల్సివస్తే రొయ్య, స్క్విడ్ ముక్క ఎక్కడైనా పనికొస్తాయి. రొయ్య మెత్తబడి విసిరేటప్పుడే ఊడిపోతుంటే ముందు రాత్రి ఉప్పు చల్లి ఫ్రిజ్‌లో పెట్టండి, పొద్దున్నకు గట్టిపడుతుంది. ఆలుచిప్ప మాంసాన్ని సన్నని సాగే దారంతో కొక్కేనికి చుట్టాలి. ఎర పెద్ద ముద్దలా గుచ్చకుండా, కొక్కెం మొన బయటికి కనబడేలా ఉంచండి. పది పదిహేను నిమిషాలకు ఒకసారి తీసి చూడండి. చాలాసార్లు మనం ఖాళీ కొక్కెం వేసుకుని ఓపిగ్గా కూర్చుంటాం.

చేప లాగినప్పుడు రాడ్ ఎగరేసి గుంజాలని చేతులు తహతహలాడతాయి. వాడేది సర్కిల్ హుక్, అంటే మొన లోపలికి వంగిన గుండ్రటి కొక్కెం అయితే గుంజితే ఊడిపోతుంది. చేప లాక్కుని పోనివ్వండి, లైను బిగిశాక మెల్లగా రీలు తిప్పండి, మూతి మూలలో అదే గుచ్చుకుంటుంది. చేప గొంతులోకి పోదు కాబట్టి వదిలేయాల్సి వచ్చినా బతుకుతుంది. ఒడ్డుకు తెచ్చేటప్పుడు అలతో పాటు లాగాలి, అల వెనక్కి పోయేటప్పుడు ఆగి లైను కొంచెం వదలాలి. ఎక్కువ చేపలు పోయేది ఆ చివరి పదడుగుల్లోనే. పియర్ మీద నుంచైతే లైనుతో పైకి ఎత్తకండి, తాడుకు కట్టిన వల దించి ఎత్తాలి, అది ముందే దగ్గర పెట్టుకోండి. వదిలేసే చేపను తడి చేత్తో పట్టుకోండి, పొడి చేతికి దాని జిగురు పొర ఊడిపోతుంది. కొక్కెం లోతుగా దిగితే పీకకుండా లైను కత్తిరించేయండి.

ప్రమాదాల విషయం. ఇసుక మీద కంటే రాళ్ల మీద ప్రాణాలు పోతాయి. రాయి ఎక్కే ముందు దూరంగా ఆగి ఇరవై నిమిషాలు ఊరికే చూడండి. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో ప్రశాంతంగా ఉంటుంది, ఆ ప్రశాంతతే మోసం చేస్తుంది. రాయి తడిగా నల్లగా ఉందంటే అక్కడిదాకా అల వచ్చిందన్నమాట. వాతావరణ సూచనలో అల ఎత్తు ఒక్కటే చూడకండి, ఒక అలకూ ఇంకో అలకూ మధ్య ఎన్ని సెకన్లో చూడండి. ఎత్తు ఒకటే అయినా 8 సెకన్ల అల కంటే 15 సెకన్ల అల రాయి మీదకు చాలా పైకి పాకుతుంది. న్యూ సౌత్ వేల్స్‌లో ప్రమాదకరమని ప్రకటించిన కొన్ని తీరాల్లో రాళ్ల మీద పట్టేవారికి లైఫ్ జాకెట్ చట్టప్రకారం తప్పనిసరి, 2016లో దానికోసమే చట్టం చేశారు. చట్టం లేని చోట కూడా వేసుకోండి. సముద్రానికి వీపు చూపించకండి. పోటు ఎక్కాక వెనక్కి వచ్చే దారి మునిగిపోతుందా అన్నది వెళ్లేటప్పుడే చూసుకోవాలి.

కొన్ని చేపలకు ముళ్లలో విషం. సముద్రపు జెల్లకు వీపు మీద, రెక్కల దగ్గర ముళ్లుంటాయి, టేకు చేపకు తోకలో. గుచ్చుకుంటే భరించగలిగినంత వేడి నీళ్లలో, సుమారు 45 డిగ్రీలు, అరగంట నుంచి గంటన్నర దాకా ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలేంత వేడి వద్దు. ఆ తర్వాత డాక్టరుకు చూపించండి, ముల్లు ముక్క లోపల ఉండిపోవచ్చు.

పట్టిందల్లా తినేది కాదు. బెలూనులా ఉబ్బే పఫర్ చేపలోని విషం ఎంత ఉడికించినా పోదు. వెచ్చని సముద్రాల్లో పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద బారకూడా వంటివాటిలో సిగ్వాటెరా అనే విషం పేరుకుంటుంది, దానికి రుచీ వాసనా ఉండవు, వండినా పోదు. ఎర కోసం తీసిన ఆలుచిప్పలు మిగిలాయి కదా అని కూర చేసుకోకండి. వేసవిలో కొన్ని సూక్ష్మజీవుల విషం వాటిలో చేరుతుంది. కాలిఫోర్నియాలో మే 1 నుంచి అక్టోబరు 31 దాకా జనం సొంతంగా ఏరుకున్నవి తినొద్దని ఏటా నిషేధం పెడతారు. తినదగ్గ చేపనైతే పట్టిన వెంటనే చంపి, రక్తం కార్చి, ఐసులో పెట్టండి. బకెట్ నీళ్లలో ఎండలో గంటలు ఉంచిన చేపకు రుచి ఉండదు.

గదికి వచ్చాక రీలుకు ఉప్పు కడగాలి. పంపు గట్టిగా తిప్పి కొట్టకండి, ఆ ఒత్తిడికి ఉప్పునీళ్లు లోపలి బేరింగుల్లోకి పోతాయి. రీలులో లైను బిగువు సరిచేసే డ్రాగ్ బిగించి మంచినీళ్లు సన్నగా పోసి, గుడ్డతో తుడిచి, ఆరాక డ్రాగ్ వదులు చేసి పెట్టండి. ఎర వాడిన పెట్టెను రాత్రి కారులో మర్చిపోవద్దు. ఒకసారి మర్చిపోయాను, ఆ కారు వాసన మూడు నెలలు పోలేదు.